పన్నెండు ముడులు

మధ్యాహ్నపు ఎండ. అంతర్వేది పల్లిపాలెంలో, ఇంటి చూరు కింద మొగుడూ పెళ్ళాం చిరిగిన వల ముందేసుకుని కూర్చున్నారు. బుల్లియ్య ముడులు వేస్తుంటే సత్యవాణి ఎడం చేత్తో వల బిగించి పట్టుకుంది. కుడి చేతిలో ఫోను, ఆ వైపు చెవికే ఆనించి ఉంది. అవతల మాట్లాడే మనిషి పేరు రమ్యట, ఊరు హైదరాబాదట. ఈ వారంలో ఆ ఫోను రాని రోజు లేదు.

"…రెండు రకాల వాలెట్లు మేడమ్. ఒకదాంట్లో మీ కాయిన్స్ తాళం కంపెనీ దగ్గరుంటుంది. ఇంకోదాంట్లో మీ తాళం మీ దగ్గరే, మీ ఫోన్లోనే. ఏది తీసుకుంటారో మీ ఇష్టం."

"మన తాళం మన దగ్గరుంటేనే మంచిది కదండి?"

"కరెక్ట్ మేడమ్. అందరూ అదే అంటారు."

"వాణీ, మళ్ళీ ఆ పిల్లేనా? పెట్టెయ్యే."

"ఉండు మావా, ఏదో చెబుతుంది."

"ఏం చెబుద్ది? ఇంజను డబ్బు ఎప్పుడేస్తారండీ అని చెబుద్ది. వల వదిలెయ్యకు, బిగించి పట్టుకో."

"మేడమ్? లైన్లో ఉన్నారా?"

"ఉన్నానండి. పక్కన మా ఆయన."

"సార్‌కి డౌట్లుంటే సార్‌తో మాట్లాడతాను మేడమ్."

"ఇదిగో మావా, నీతో మాట్లాడుద్దంట."

"ఇటియ్యి. అమ్మాయ్, ఇదిగో విను…"

"నమస్తే బా… బాగున్నారా సార్?"

"మేం బాగానే ఉన్నాం. మాకు బిట్‌కాయిన్లూ వద్దు, వాటిని దాచుకునే పర్సులూ వద్దు. మాకున్నది ఒక్క పడవ. దాని ఇంజను పాడై నెల దాటింది. కొత్త ఇంజనుకని కూడబెట్టింది తప్ప మా దగ్గర పైసా లేదు. ఇంకో ఇల్లు చూసుకో తల్లీ."

"సార్, ఒక్క నిమిషం సార్…"

"నా వల్ల కాదు. ఇదిగోనే, నీ పంచాయితీ నువ్వే పడు. పొద్దస్తమానం ఫోనే."

"తెలియని నంబరు కనపడితే వదల్లేను మావా. నీకు తెలుసుగా."

"తెలుసు. నీ తమ్ముడి కబురు వస్తుందేమోనని ఆశ. లోన్లిస్తామన్నోళ్ళతో కూడా పావుగంట మాట్లాడతావు. రాజేంద్ర బ్యాంకాక్‌లో కంప్యూటరు ఉద్యోగమని వెళ్ళి అయిదు నెలలుగా ఉలుకూ పలుకూ లేకపోతే నాకు మాత్రం బెంగ కాదా? స్టేషన్లో కాగితం ఇచ్చాం, కలెక్టరు గారికిచ్చాం. ఇంకేం చెయ్యగలం? అంతేగానీ ఫోన్లో ఎవరో ఆడపిల్ల తియ్యగా మాట్లాడిందని ఇంజను డబ్బు…"

"ఒక్క రూపాయి వెయ్యలేదు కదా. ఊరికే వింటున్నాను."

"నేనూ ఊరికే విన్నాను. పక్కింటి అచ్చిబాబుగాడు ఆడగొంతుతో ఫోన్ చేసి 'మీకు లక్కీ డ్రాలో బండి తగిలిందండీ' అంటే గంటసేపు ఊరికే విన్నాను. బండి ఏ రంగు కావాలో కూడా చెప్పాను. ఫోన్లో ఏదో యాప్ ఉందంట, మగాడు మాట్లాడితే ఆడపిల్లలాగే వినపడుద్దంట. ఊళ్ళో అందరూ నన్ను చూసి ఇంకా నవ్వుతూనే ఉన్నారు."

"నువ్వు గంట విన్నావుగా. నన్ను పది నిమిషాలు విననీ."

"మేడమ్?"

"ఆ, చెప్పండమ్మా. తాళం అన్నారు, అదెలా ఉంటుంది?"

"పన్నెండు ఇంగ్లీషు మాటలు మేడమ్. వాలెట్ తెరవగానే స్క్రీన్ మీద కనపడతాయి. ఫోన్ పోయినా, నీళ్ళలో పడినా, కొత్త ఫోన్లో ఆ పన్నెండూ వరసగా కొడితే మీ డబ్బు మీకొచ్చేస్తుంది. అవి ఇంకొకళ్ళకి తెలిస్తే మాత్రం డబ్బు వాళ్ళదే. వలకి ముడులనుకోండి మేడమ్. పన్నెండు ముడులు, పన్నెండూ వరసలో పడాలి. ఒక్క ముడి వదిలేశామంటే చేప నేరుగా ఆ కన్నానికే వస్తుంది."

"…ఏమన్నారూ?"

"పన్నెండు ముడులు మేడమ్."

"హైదరాబాదులో వల ముడుల సంగతి మీకెవరు చెప్పారమ్మా?"

"స్క్రిప్టులో ఉంది మేడమ్. మాకో పేపరిస్తారు, చూసి చదవడమే."

"ఆ పేపరు రాసిందెవరు?"

"అది… మేడమ్, మన వాలెట్‌కి వేలిముద్ర లాక్ కూడా ఉంది మేడమ్! మీ వేలు పెడితేనే తెరుచుకుంటుంది."

"నేనడిగింది అది కాదండి."

"ఫేస్ లాక్ కూడా ఉంది మేడమ్!"

"ఏంటే వాణీ, మొహం అలా పెట్టావు?"

"మావా, ఈ పిల్ల మా నాన్న మాట చెబుతుంది. ఒక్క ముడి వదిలేస్తే చేప నేరుగా ఆ కన్నానికే వస్తుందని. నన్నూ రాజేంద్రనీ చెరో పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేవాడు."

"వల అల్లేవాడెవడైనా అలాంటిదే ఏదో చెబుతాడు."

"పన్నెండని ఎవరు చెబుతారు? పన్నెండు వేసి లెక్క చూపించేదాకా లేవనిచ్చేవాడు కాదు. అది మా ఇంటి లెక్క."

"వచ్చిందండీ మళ్ళీ తమ్ముడి దగ్గరికి. వాణీ, నీ గుండె నువ్వే కోసుకుంటున్నావే. వద్దు."

"మేడమ్… వద్… యాప్…"

"ఏంటండీ? చిన్నగా మాట్లాడుతున్నారు. ఒక్క ముక్క వినపడట్లేదు."

"ఫోన్ ఎడం చెవికి మార్చుకోండి మేడమ్. …ఉన్నారా?"

"ఉన్నాను. ఒక్క నిమిషం. మావా, ఈ వల నువ్వే పట్టుకో కాసేపు."

"అదేంటే, ముడి సగంలో ఉంటే…"

"పట్టుకో అన్నానా! …ఆ, మార్చానండి. ఇప్పుడు వినపడుతుంది. శుభ్రంగా వినపడుతుంది. చెప్పు."

"వాలెట్ గురించి మేడమ్…"

"చెబుదువుగాని. భోంచేశావా?"

"…ఆయ్."

"ఏం కూర?"

"ఇక్కడ రోజూ ఒకటే మేడమ్. అన్నంలో ఏదో ఆకు ఉడకేసి పెడతారు. మీరేం వండారు?"

"ఎండు మెత్తళ్ళు. మామిడికాయ వేశాను."

"పుల్లటిదేనా? మీ పెరట్… మీ వైపు పుల్లగా ఉంటాయి కదా మేడమ్, కాయలు."

"పుల్లటిదే. రెండో ముద్దకి కళ్ళు మూసుకుపోతాయి. కుండలో ఇంకా ఉంది…"

"మన కస్టమర్ కేర్ ఇరవై నాలుగ్గంటలూ ఉంటుంది మేడమ్! ఎప్పుడైనా ఫోన్ చెయ్యచ్చు మేడమ్!"

"వెనకాల ఎవరన్నా నిలబడ్డారా అమ్మా?"

"అవును మేడమ్! సెక్యూరిటీ చాలా గట్టిగా ఉంటుంది మేడమ్!"

"సరే, సరే. వాలెట్ గురించే మాట్లాడుకుందాం. నేను తెలివి తక్కువదాన్ని, ఒక్కొక్కటీ అడుగుతాను. నువ్వు కంగారు పడకుండా చెప్పు. దానికి తాళం లోపల్నించా, బయట్నించా?"

"బయట్నించే మేడమ్."

"లోపలున్నది బయటికి రావాలనుకుంటే?"

"రాలేదు మేడమ్. చుట్టూ గోడ… అంటే, సెక్యూరిటీ వాల్ ఉంటుంది మేడమ్. ఎత్తుది. పైన తీగలు."

"మంచిగానే చూసుకుంటారా, లోపలున్నదాన్ని?"

"రోజూ ఒక టార్గెట్ ఉంటుంది మేడమ్. అందితే ఏమీ ఉండదు. అందకపోతే ఛార్జి పడుతుంది."

"ఇవాళ అందిందా?"

"…ఇంకా లేదు మేడమ్. ఈ వారం అంతా లేదు."

"అయ్యో నా తల్లీ."

"ఏంటే ఆ ప్రశ్నలు? పర్సు కొంటున్నావా, గొళ్ళెం కొంటున్నావా?"

"నువ్వు మాట్లాడకు మావా. నీకు దణ్ణం పెడతాను."

"మేడమ్, ఇంట్లో పెద్దవాళ్ళని కూడా అడిగి చెయ్యమని స్క్రిప్టులో ఉంటుంది. మీ ఇంట్లో పెద్దవాళ్ళు… మీ అమ్మగారు బాగున్నారా?"

"బాగుందమ్మా. కంటికి ఆపరేషన్ చేయించాం. ఇప్పుడు బియ్యంలో మట్టిగడ్డలు తనే ఏరుతుంది. మా తమ్ముడు పంపిన ఫొటో ఒకటుంది నా ఫోన్లో, రోజూ అడిగి తీయించుకుని ముక్కు దగ్గర పెట్టుకుని చూసుద్ది. వీడేంటి, ఈ మీసం ఏంటి, పిల్లనిచ్చేవాళ్ళు పారిపోరా అని తిడుతుంది. ఉన్నావా?"

"ఉన్నా… ఉన్నాను మేడమ్."

"గొంతు అలా అయిపోయిందేంటి? బొంగురుగా వినపడింది."

"సిగ్నల్ మేడమ్. ఇప్పుడు సరిపోయింది."

"మా తమ్ముడికి నేనొకటి చెప్పాలమ్మా. వెళ్ళేటప్పుడు వాడి మీద కేకలేశాను, ఈ పడవ నీకు చేదైపోయిందా అని. దానికే అలిగి ఫోన్ చెయ్యట్లేదని మొదట్లో అనుకున్నాను. నాకు కోపం లేదని చెప్పాలి. వాడికి వినపడాలని అనిపిస్తుంది, అంతే."

"…వినపడుద్ది మేడమ్. మీ తమ్ముడికి కోపం ఉండదు మేడమ్. మొన్న మీ ఫోన్లో వేసుకున్న యాప్‌లో కింద ఆకుపచ్చ బటన్ కనపడుతుందా? డిపాజిట్ అని?"

"ఫోను దించి చూశాను, కనపడుతుంది."

"అది… దాని మీద నొక్కితే అమౌంట్ అడుగుతుంది మేడమ్."

"ఇంజను డబ్బు మొత్తం వేస్తాను."

"వాణీ!"

"మొత్తం వేస్తానమ్మా. చాలదంటే మెళ్ళోది తాకట్టు పెడతాను. ఒక్కటే చెప్పు, అది వేస్తే ఆ తలుపు తెరుచుకుంటుందా?"

"పిచ్చిగాని పట్టిందా నీకు? ఏం తలుపు? ఫోనిటియ్యి!"

"ముట్టుకోకు మావా! జన్మలో నిన్నేమీ అడగలేదు, ఈ ఒక్కటీ అడుగుతున్నాను. ముట్టుకోకు. …చెప్పమ్మా. నొక్కమంటావా?"

"మేడమ్…"

"నువ్వు నొక్కమంటే నొక్కేస్తాను. పడవ పోతే పోయింది, కూలికెళ్తాం. వేలు బటన్ మీదే ఉంది. చెప్పు."

"మేడమ్, ఆ పన్నెండు మాటలు ఎవరికీ చెప్పకండి. మేం అడిగినా చెప్పకండి."

"నేనడిగింది తలుపు సంగతి."

"తెరుచుకోదు మేడమ్. ఎంత వేసినా తెరుచుకోదు. వేసినకొద్దీ ఇంకా అడుగుద్ది. ఒకసారి వేసినోళ్ళనే పట్టుకుని, ఇల్లు అమ్మేదాకా అడుగుద్ది. ఇక్కడ చూశాను మేడమ్, ఒకాయన వాళ్ళ నాన్న పొలం అమ్మి పంపాడు. ఆయన ఇంకా ఇక్కడే ఉన్నాడు."

"వెయ్యొద్దంటున్నావు, మరి ఇవాళ్టి టార్గెట్…"

"మీ ఫోన్ పాతదండి. మా వాలెట్ దీనికి ఎక్కదు. నేనలాగే రాసేస్తాను. మీరు ఇంజను కొనుక్కోండి. యాప్ తీసెయ్యండి. ఈ నంబర్ నించి ఇంకెవరు చేసినా ఎత్తకండి. నేను చేసినా ఎత్తకండి."

"ఉండు, పెట్టెయ్యకు! ఏ ఊరు అది? ఊరి పేరు ఒక్కటి…"

"అవతలి వైపు మేడమ్. బ్యాంకాక్ కాదు. ఏరు దాటించారు, అవతలి ఒడ్డు…"

"ఎవరు చెప్పమన్నారు ఎక్కదని? ఏయ్, నిన్నే! హెడ్‌ఫోన్ తియ్! లే అక్కణ్ణించి! లే!"

"అమ్మా? అమ్మా! …హలో?"

"ఏమైందే? ఎవరా అరిచింది? ఇక్కడికి వినపడింది."

"కట్టయిపోయింది."

"నొక్కావా?"

"లేదు."

"హమ్మయ్య. నా ప్రాణం లేచొచ్చింది. మళ్ళీ చేస్తావేంటి, పెట్టు కింద."

"పోవట్లేదు మావా. ఆ నంబరుకి మనం చేస్తే ఎప్పుడూ పోదు. వాళ్ళే చెయ్యాలి."

"వద్దులే, ఏడవకు. నేనేదో అన్నానుగాని, ఆ పిల్లే వెయ్యొద్దంది కదా? మోసగాళ్ళ కొంపలో కూడా ఒక మంచిపిల్ల ఉంది. ఎవరి కడుపున పుట్టిందో, పాపం. నీళ్ళు తాగుతావా?"

"మావా."

"ఏంటే?"

"అచ్చిబాబు ఆడగొంతుతో మాట్లాడాడే, అది వాడేనని నీకెప్పుడు తెలిసింది?"

"చివర్లో, ఆపుకోలేక నవ్వాడు. అప్పుడు. అదెందుకిప్పుడు?"

"వీడు నవ్వలేదు మావా."

"ఎవడు?"

"వినపడట్లేదనగానే ఫోను ఎడం చెవికి మార్చుకోమన్నాడు. నాకు కుడి చెవి మందమని అమ్మకీ నీకూ కాక ఈ లోకంలో ఇంకొక్కడికే తెలుసు."