నాలుగు జీబీ కంప్యూటర్

పూతలపట్టులో పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసే షాపు. యజమాని టీ తాగి వచ్చేసరికి, ఎడిటింగ్ నేర్చుకుంటున్న పక్కవీధి అమ్మాయి అతని కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది.

“అన్నా, నీదీ నాదాని మాదిరి నాలుగు జీబీ మెమరీదే కదా.”

“అవును పాపా, పాతది.”

“ఈ చిన్న సాఫ్ట్‌వేర్‌తోనే పెళ్లిళ్లన్నీ చేస్తా ఉండావు. నాకేమో ఆ పెద్దదే నేర్చుకోమంటివి. ఆర్నెల్లుగా అది తెరిస్తే చాలు, మా ఇంట్లో కంప్యూటర్ బిగుసుకుపోతాది.”

“పెద్దదైతే మంచి పేరొస్తాదని చెప్పినా.”

“నేను ఈ చిన్నది నేర్చుకుంటే ఈ ఊరి పెళ్లిళ్లు నాకొస్తాయని కాదా?”

అతను గల్లాపెట్టె వైపు చూశాడు.

“సరే, కూర్చో. ఈ చిన్నది ఇప్పుడే నేర్పిస్తా.”

“దేంట్లో నేర్చుకునేదన్నా? నీ మాట నమ్మి, మా నాయన కొనిచ్చిన కంప్యూటర్ డొక్కుదని ఆయన ముందరే తిట్టినా. నిన్న దాన్ని గోనెసంచిలో మోసుకోని పోయి అమ్మేసొచ్చినాడు.”