సిద్దిపేట దోమలను బస్సెక్కించిన ముచ్చట

పిల్లలూ, డెంగీ దోమ తన పిల్లలను ఏ నీళ్లల్ల పెంచుతదో చెప్పుండ్రి చూద్దాం. శ్రీవర్ధన్, నువ్వు చెప్పు. మోరీ నీళ్లల్లనా? తప్పు. నువ్వు, భువనా? మంచినీళ్లల్ల. శభాష్. దానికి మురికి గిట్టది, తేటగ నిలవున్న నీళ్లే కావాలె. నీళ్ల గోలెం లోపలి గోడకు గుడ్లు అంటిస్తది, గుడ్డు పురుగైతది, పురుగు ముడుచుకొని ప్యూపా అయితది, వారం తిరిగేసరికి రెక్కలొచ్చి మన చెవి కాడికొస్తది. అందుకే శుక్రవారం శుక్రవారం నీళ్లు ఒంపి, గోడలు రుద్ది, ఎండబెట్టాలె.

భువనా, ఆ టార్చి పక్కకు పెట్టి కూసో. మీ బడి ఆరోగ్య క్లబ్బు నిన్ను మన గల్లీ తనిఖీకి పెట్టిందని నాకు ఎరుకనే. నర్సు ప్రసూన వచ్చేలోపల అన్ని ఇండ్లు చూసి చెప్పాలె, మన ఇల్లొక్కటే మిగిలింది, అదీ ఎరుకనే. ఎవరింట్ల దోమ పురుగు దొరికితే వాళ్ల గేటు మీద ఎర్ర సుద్దముక్కతోని సున్న పెట్టాలె, మళ్ల శుక్రవారం దాక తుడువద్దు. ఆ పద్ధతి పెట్టిందే నేను. మన గేటు మీద ఇప్పటిదాక గీత పడలే. అడుగుండ్రి ఎదురింటి అంజవ్వను, గీడనే కూసున్నది గదా. కూలర్ల నీళ్లు మరిచిపోయి పోయిన శుక్రవారం సున్న తెచ్చుకున్నది.

"నీ చేత్తోనే పెట్టినవు వదినా, మంచిగ గుండ్రంగ."

పెట్టిన అంజవ్వా, ఎదురింటిదానివని ఇడువలే. ఇంతకు నేను చెప్పేది, కుకునూరుపల్లి బడిల రిటైరయి ఈడికొచ్చిన మొదటి వానకాలం ముచ్చట. గల్లీల ఇంటికొక జ్వరం. నేను చేసింది చిన్న పనే. బడిల డ్రిల్లుకు ఊదే విజిలు ఒకటి నా కాడ మిగిలి ఉండె. శుక్రవారం పొద్దుగాల నడి గల్లీల నిలబడి ఊదిన. అందరు బయటికొచ్చి తమ తమ గోలాలు, డ్రమ్ములు బోర్లించిన్రు. అంతే.

"అంతేనా నానమ్మా?"

అంతేనా అంటే ఎట్ల, శ్రీవర్ధన్? ఆ విజిలు చప్పుడు కోమటి చెరువు దాక పోయింది. కట్ట మీద వాకింగు చేసేటోళ్లు ఉన్నోళ్లు ఉన్నట్టే ఇండ్లకు ఉరికి కూలర్లు ఒంపిన్రు, పూల కుండీల కింది పళ్లాలు ఒంపిన్రు, ఒకాయన అయితే చేతిలున్న నీళ్ల సీస సుత ఒంపి దూపతోని ఇంటికి పోయిండు. మళ్ల శుక్రవారం దుబ్బాకల వినపడ్డది. నేతగాళ్లు మగ్గాలు ఆపి, నూలుకు రంగు అద్దే తొట్లు సుత బోర్లించిన్రు. ఆ వారం దుబ్బాక తువ్వాలలన్నీ తెల్లగనే వచ్చినయి.

"నేను కొన్నది ఎర్రగనే ఉండె గదా వదినా."

అది ముందటి వారం నేసింది అయి ఉంటది. నడుమల మాట్లాడకు అంజవ్వా, పిల్లలకు పాఠం తప్పుతది. అటెన్క ఏమైందో ఎరుకేనా? దోమలకు గుడ్డు పెట్ట జాగ లేకపాయె. ఊళ్లె ఉన్న దోమలన్నీ కూడి మన అరుగు మీదికొచ్చినయి. నేను టీచరును గదా, ముందుగాల వరుసల నిలబెట్టి హాజరు తీసుకున్న. ఒక్క గోలెం మూత తీసి పెట్టు టీచరమ్మా, అందరం అండ్లనే సర్దుకుంటమని ఏడ్సినయి. తియ్య అన్న. రోడ్డుకు ఎడమ పక్క నుంచి, లైను తప్పకుండ, బస్టాండుకు నడిపిచ్చిన. కండక్టరు టికెట్లు అడిగిండు. కుట్టేటియి మగ దోమలా, ఆడ దోమలా? చెప్పు భువనా.

"ఆడ దోమలు."

గదే నేను కండక్టరుకు చెప్పిన. అన్నీ ఆడోళ్లే బాబూ, ఆడోళ్లకు బస్సు ఫ్రీ గదా అన్న. ఆధార్ కార్డులు చూపియ్యమన్నడు, చూపిచ్చినయి, అన్నిటికి జీరో టికెట్ కొట్టిండు.

"మగ దోమలేం జేసినయి నానమ్మా?"

అవి పూల తేనె తాగి బతుకుతయి, మనను కుట్టయి. పెండ్లాలు లేక గల్లీల దిక్కులు చూసుకుంట తిరిగి, ఆఖరికి పైసలిచ్చి టికెట్ కొనుక్కొని అవి సుత పోయినయి. ఇగ దవాఖానల మంచాలన్నీ ఖాళీ. డాక్టర్లకు పని లేక ఒకరి బీపీ ఒకరు చూసుకున్నరు. ఒక డాక్టరు మన గేటు కాడికొచ్చి, టీచరమ్మా, వారానికొక దగ్గన్న ఇడిసిపెట్టుండ్రి, చదివింది మరిచిపోతున్న అన్నడు.

"ఏ డాక్టరు వదినా?"

ట్రాన్స్‌ఫరయిండు. విను. రాష్ట్రం మొత్తం ఆరోగ్యం చూసుకునే పెద్ద సారు హైదరాబాదు నుంచి వచ్చిండు. మన గల్లీ ఇరుకు గదా, ఆయన ఎనకొచ్చిన కార్లు అక్కన్నపేట దాక నిలబడ్డయి. ఏ దేశం మందు కొట్టినవమ్మా అని అడిగిండు. మందు కాదు సారూ, కొబ్బరి పీచు అన్న. జ్వరమొచ్చినంక మంచాలు వేసుడు మీ పని, జ్వరం రాకముందే గోలెం రుద్దుడు మా పని అన్న. సారు కండ్లల్ల నీళ్లు నిండినయి. అవి సుత నిలవ ఉండొద్దని తుడుచుకొమ్మన్న. అప్పుడు ఆయన లేచి, నా కుర్చీల ఒక్క పూట కూసో తల్లీ అన్నడు. కూసున్న. ఆ కుర్చీల నుంచి ఒక్క విజిలు ఊదిన. అన్ని జిల్లాల గోలాలు ఒక్కపారే బోర్లినయి. ఆ చప్పుడు ఉరుమనుకొని రైతులు విత్తనాలు బయటికి తీసిన్రు. ఆ దినం నుంచి తెలంగాణల దోమ అనేది…

భువన ఏది? గీడనే ఉండె గదా.

"టార్చి పట్టుకొని మేడ మీదికి పోయింది నానమ్మా. అగో, దిగుతున్నది."

"నానమ్మా, దోమలన్నీ పోయినయి అంటివి గదా. మరి గణపతి టబ్బుల ఇవేంది?"

గ్లాసుల పట్టుకొచ్చినవా? ఇటు తే. అంజవ్వా, ఆ కండ్లద్దాలు అందియ్యి. ఊఁ. తల కిందికి, తోక మీదికి. ఈత కొడుతున్నయి.

అవి ఒట్టి నీళ్లు కాదు బిడ్డా. మట్టి గణపతిని మేడ మీద టబ్బుల నిమజ్జనం చేస్తిమి గదా. కరిగిన దేవున్ని మోరీల పొయ్యద్దు, కాళ్ల కింద పడొద్దు. చెట్లకు పోద్దామంటే వానలకు మొదళ్లు నిండి ఉండె. ఎండ కొట్టినంక పోద్దామనుకున్న. శుక్రవారం శుక్రవారం చుట్టున్న బకెట్లన్నీ బోర్లిచ్చి, టబ్బుకు మాత్రం దండం పెట్టి దిగిన. దేవుని నీళ్లకు తనిఖీ ఏంది అనుకున్న.

"అవి దేవుని నీళ్లని దోమకేం ఎరుక నానమ్మా?"

"ఇవి బస్సు తప్పిపోయినయా?"

"ఆధార్ లేదని కండక్టరు దింపిండు కావచ్చు, శ్రీవర్ధన్."

నవ్వు అంజవ్వా, నవ్వు. నీ వంతే. సుద్దముక్క చేతుల పట్టుకొని నా మొఖం చూస్తవేంది భువనా?

"ప్రసూన మేడం ఇంక రాలే. ఇప్పుడే పారబోస్తే ఎవరికీ తెల్వది నానమ్మా."

అంజవ్వ గేటుకు ఒక లెక్క, నీ నానమ్మ గేటుకు ఒక లెక్కనా? పెట్టు బిడ్డా. గుండ్రంగ పెట్టు, రోడ్డు మీది నుంచి కనపడాలె.

"నాదానికంటె జెర పెద్దగ పెట్టు బిడ్డా, టీచరమ్మ గదా."

విన్నవు గదా, ఆమె చెప్పినట్టే పెట్టు. ఇయ్యాల ఎండ కొట్టింది. ఆ నీళ్లు జామ చెట్టు మొదట్ల పోస్త. మట్టిల ఇంకితే పురుగు బతకది, దేవుడు చెట్టుకు పోతడు. టబ్బు లోపల ఇంక రుద్దాలె, గుడ్లు గోడకే ఉంటయని చెప్పిన గదా. శ్రీవర్ధన్, ఆ పీచు తే. ప్రసూన వస్తే టీచరమ్మ మేడ మీద ఉన్నదని చెప్పుండ్రి, నేను పోతున్న.