ఓటున్న ఒక్క బండి

మోటార్‌సైకిల్ క్లబ్బు వార్షిక సభ జరిగే హాలు మెట్ల మీద, ఇరవై ఏళ్ళుగా ప్రెసిడెంటుగా ఉన్న మనిషి నడుం పట్టుకుని కూలబడ్డాడు. ఎదురుగా అతని బావమరిది, మెకానిక్.

“ఎన్నొచ్చాయిరా?”

“ముప్పై రెండు కార్లు బావా.”

“నేనడిగింది బండ్లు!”

“ఒకటి.”

“మొదటి ఏడు నలభై వచ్చాయి కదరా! ఆ దుమ్ముకి ఒకడి మొహం ఒకడికి కనపడలేదు.”

“అప్పుడు మోకాళ్ళున్నాయి. ఇప్పుడు లోపల ఇంజిన్ల ఊసే లేదు, ఎవరు ఏ ఆయింట్‌మెంటు రాస్తున్నారన్నదే గోల. నువ్వు మాత్రం కార్లో రాలేదూ?”

“నాది నడుంనొప్పి! సర్లే, ఎన్నిక కానిచ్చెయ్. ఎప్పట్లా నేనే.”

“కుదరదు. బండి మీద వచ్చినవాళ్ళకే ఓటని రూలు రాసింది నువ్వే.”

“అయితే ఆ ఒక్క ఓటూ నాకు వేయించు. ఎవడు వాడు?”

“వాడు కాదు. మా అక్క.”

“ఆటోలో వస్తానంది కదరా! దానికి బండి ఎవడు నేర్పాడు?”

“నేనే. ఓటు కూడా వేసేసింది.”

“నాకేగా?”

“తనకే. తీర్మానం కూడా రాసేసింది. వచ్చే ఏడు కార్లో వచ్చినవాళ్ళు గేటు బయటేనట.”

“మరి నా నడుం?”

“నీకు మినహాయింపుంది బావా. తన వెనక సీట్లో కూర్చుని, నోరు మూసుకుంటే తీసుకొస్తానంది.”