కునిసాకి గారి యాభై పళ్ళు

ఏ గేరు పెట్టాలని నన్నడుగుతావేంటి, చినాత్సూ? కూర్చో ముందు. ఆ బార్లీ టీ తాగు, చల్లగా ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళు సైకిల్ పందేల్లో తొక్కినవాణ్ణే కానీ ఒకరి గేరు చెప్పను. ఎందుకంటావా? గోడ మీద ఆ పళ్ళచక్రం చూశావా, తుప్పు పట్టకుండా నూనె రాసి పెట్టానే, అదీ. యాభై ఒక్క పళ్ళు. కునిసాకి గారని మా గురువు ఉండేవాడు. నువ్వు పుట్టకముందే పందేలు మానేశాడులే. పొట్టి మనిషి, తొడలు మాత్రం బియ్యం బస్తాలు. సారా ముట్టడు, చీట్లాట ఎరగడు. నాకా క్రమశిక్షణ వచ్చిందంటే ఆయన చలవే. ఇప్పటి కుర్రాళ్ళు పందెం ముందురోజు ఫోన్లు అప్పజెప్పమంటే ప్రాణం పోయినట్టు చూస్తారు. నువ్వూ అంతేనా? సరే, నవ్వకు.

ఆయన గేరు ఎప్పుడూ ఒకటే. ముందు చక్రానికి యాభై పళ్ళు, వెనకదానికి పద్నాలుగు. పెడల్ ఒక్క చుట్టు తిరిగితే చక్రం మూడున్నర చుట్లు, పైన కాస్త. తేలిక గేరు. చటుక్కున లేస్తుంది గానీ ఆఖరి చుట్టులో గంట కొట్టాక కాళ్ళు కుట్టుమిషన్‌లా ఆడాల్సిందే. అప్పటికి మేమందరం యాభై ఒకటికి పోయాం. లేవడానికి బరువు, లేచిందంటే ఆగదు. "గురువుగారూ, ఒక్క పన్ను పెంచండి" అంటే, "నా మోకాలితో మాట్లాడి చెప్తాలేవోయ్ యసుజీ" అనేవాడు. ఇక ఆ లెక్క ఒకటి. పందెం ముందర ప్రతిసారీ బొటనవేలు ఒక్కో పన్ను మీద పెట్టి, గట్టిగా, పైకి, చిన్నపిల్లాడిలా లెక్కపెట్టేవాడు, ఒకటి, రెండు, మూడు... ముప్పై దాటేసరికి పక్కవాళ్ళు "ముసలాయన మంత్రం మొదలెట్టాడ్రోయ్" అని నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి, ఎందుకు దాచాలి.

ఆ యేడు ఆయనకి నలభై మూడు. ఆ ఆర్నెల్ల మార్కులు తగ్గాయి. ఆఖరి పందెంలో మొదటి ముగ్గురిలో రాకపోతే లైసెన్సు పోతుంది. నేను గాలిని చీల్చుకుంటూ ముందు లాగాలి, ఆయన నా చక్రం వెనకే అంటుకుని రావాలి. నేను యాభై ఒకటితో దూకితే ఆయన యాభైతో రాలేడని నాకు తెలుసు. నా వెనక నుంచి జారిపోతాడు. గురువు సైకిల్ శిష్యుడు తుడవడం మా ఆచారం కదా. పొద్దున ఆయన పళ్ళు లెక్కపెట్టుకున్నాడు, తనిఖీ అయింది, ఏ గేరో కాగితం మీద రాసిచ్చింది అచ్చయింది, పందెం కాసేవాళ్ళంతా ఆ అంకె చూసే టికెట్లు కొన్నారు. మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తున్నప్పుడు... ఆ పళ్ళచక్రం నేను మార్చాను. అవును, నేనే. మంచే చేస్తున్నాననుకున్నాను. మంచి చేస్తున్నాననుకున్నవాడి చేతులు వణకవు, చూడు. చక్కగా బిగించాను.

మా పందెం పిలిచారు. టికెట్ల కిటికీలు మూసేశారు. ఆయన సైకిలెక్కి రెండడుగులు తొక్కి దిగిపోయాడు. దిగి లెక్క మొదలెట్టాడు. నేను వంగి బూటు తాడు కట్టుకుంటున్నాను, కట్టినదాన్నే మళ్ళీ కట్టుకుంటున్నాను. నలభై తొమ్మిది, యాభై. ఆగాడు. యాభై ఒకటి. ఇంకోసారి మొదటినుంచీ. ఆ తర్వాత నావైపు చూశాడు. అధికారి దగ్గరికెళ్ళి, "అయ్యా, నేను రాసిచ్చిన గేరు ఇది కాదు. పొరపాటున నేనే వేరేది బిగించుకున్నాను, నన్ను పక్కన పెట్టండి" అన్నాడు. మా ఇద్దరికే తెలిసిన పన్ను! ఊరుకుంటే ఎవరడిగేవాడు? మైకులో చెప్పగానే కంచె అవతల గోల. "ఓరి కునిసాకీ, పళ్ళు లెక్కెట్టడం రానోడివి ఇంటికెళ్ళి ఉల్లినారు నాటుకోరా!" అని ఒకడు. ఆయన తల వంచి వాళ్ళకి దణ్ణం పెట్టి లోపలికెళ్ళిపోయాడు. ఆ పందెం నేనే గెలిచాను. గెలిచాను, ఏం లాభం.

లైసెన్సు పోయింది. నిజంగానే ఉల్లినారు వేశాడు, ఊరి వాగు పక్క మడిలో. ఎవరు మార్చారని ఒక్కనాడు అడగలేదు. ఆ చక్రం మాత్రం కాగితంలో చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టాడు, "నీదే కదూ" అని. ఆ తర్వాత నేను పందేనికి ఇంట్లోంచి బయల్దేరే ముందు ప్రతిసారీ ఫోన్ చేసేవాడు. బాగున్నావా అని లేదు, ఏమీ లేదు. "లెక్కపెట్టావా?" "పెట్టానండీ." "పైకేనా?" "పైకే." ఫోన్ పెట్టేసేవాడు. ఆయన పోయి పదకొండేళ్ళయింది. చెప్పాలి, చెప్పాలి అనుకుంటూనే... ఆసుపత్రిలో కూడా, చెయ్యి పట్టుకుని నోరు తెరిచాను. "లెక్కపెట్టావా?" అన్నాడు.

...

టీ అయిందా? సైకిల్ ఇలా వెలుతుర్లోకి తే. రేపు కాగితం మీద నువ్వేం రాస్తావో నీ మోకాలే చెప్పాలి, నేను కాదు. ఊఁ, బొటనవేలు పెట్టు. పైకి. నాకు వినపడేలా.