తారెవోగ్ దీపాలార్పిన సాయంత్రం

ఒక మనిషి చేసిన తప్పు ఆ మనిషిని నిద్రపోనివ్వదు. ఊరంతా కలిసి చేసిన తప్పు మాత్రం కొన్నేళ్ళకి పండగైపోతుంది. దానికి జెండాలు కడతారు, ఉపన్యాసాలిస్తారు. మా ఊరు అలాంటి పండగ ఒకటి చేసుకోబోయింది. ఆ జెండా మీద అక్షరాలు రాసింది నేనే. తల దించుకునే రాస్తున్నాను ఇదంతా.

తోర్‌దిస్ వింగె మా తారెవోగ్‌కి వస్తోంది. నార్వేలో ఆమె పేరు తెలియని ఇల్లు లేదు. రాజధానిలోని పెద్ద నాటకశాలలో ఆమె వెయ్యని వేషం లేదు. స్వీడన్ వాళ్ళు పిలిచి సినిమాల్లో పెట్టుకున్నారు. యాభై దాటాక కెమెరా వెనక్కి వెళ్ళి డైరెక్టరైంది. ఇప్పుడు ఎనభై దాటాక రేడియోలో ఒక మాటంది: "నాకు దొరికిన గొప్ప ప్రేక్షకులు తారెవోగ్ వాళ్ళు. ఊరూరూ తిరిగే చిన్న బృందంతో, ఇరవై ఏళ్ళప్పుడు, వాళ్ళ రేవులో నాటకం ఆడాను. నేను బాగా కనపడాలని ఊరు ఊరంతా దీపాలు ఆర్పేసింది. నా ఆఖరి సినిమా అందరికంటే ముందు వాళ్ళకే చూపిస్తాను."

ఆ మాటతో ఊరు పొంగిపోయింది. నేనింకా పొంగిపోయాను. కళ ప్రజలదని ఊరి సభలో బల్ల గుద్ది, మూతపడ్డ పాత ప్రార్థన మందిరాన్ని కళామందిరం చేయించాను. దాని గుమ్మం మీద కట్టడానికి పెద్ద గుడ్డ మీద ఎర్రరంగుతో రాశాను: "తారెవోగ్ తలుపు కళ కోసం ఎప్పుడూ తెరిచే ఉంది." స్వాగతం చెప్పే పని మాత్రం ఇంగ్‌వాల్డ్‌కి ఇచ్చారు. ఆ రోజుల్ని చూసినవాడు, పైగా మాటకారి. అంతకుముందు ఇంగ్‌వాల్డ్ వస్తున్నాడంటే అతని కోతలు తప్పించుకోవడానికి జనం రోడ్డు దాటేవాళ్ళు. రేడియో మాట తర్వాత కుర్చీ జరిపి కూర్చోమనడం మొదలుపెట్టారు.

నవంబరు మధ్యాహ్నం, మా దగ్గర నాలుక్కాకుండానే చీకటి పడే రోజులు. ఆమె ఓడ ఇంకాసేపట్లో వస్తుంది. రేవు పక్కన సిన్నోవె కాఫీ కొట్టులో మేమంతా చేరాం. ఇంగ్‌వాల్డ్ పెళ్ళినాటి సూటు వేసుకుని, వాఫుల్ మీద చీజ్ ముక్క పెట్టుకుని మొదలెట్టాడు.

"పెద్ద గొప్పేం కాదులే. నేను చేసింది చాలా చిన్న పని. ఆ సాయంత్రం ఇంటింటికీ వెళ్ళి దీపాలు ఆర్పమన్నాను, అంతే. ఎవరైనా చేస్తారు."

"ఎవరైనా చేస్తారంటూనే మూడో వాఫుల్ తింటున్నావు, కానీ చెప్పు" అంది సిన్నోవె.

"చెప్తున్నా కదా. నాకప్పుడు మీసాలు మొలుస్తున్నాయి. వాన. వానంటే ఇప్పటి వానలా కాదు, అడ్డంగా వచ్చేది, నోరు తెరిస్తే కడుపు నిండిపోయేది. పడవలోంచి దిగింది ఆ పిల్ల. ఇంతే ఉంది. చూడగానే అనుకున్నాను, ఇంగ్‌వాల్డ్, ఈ పిల్ల మామూలుది కాదు, వజ్రం, కానీ వజ్రాన్ని పట్టపగలు పెడితే గాజుముక్కలా ఉంటుంది, దానికి చీకటి కావాలి!"

"హాల్లో ఎందుకు ఆడలేదు మరి? అంత వానలో రేవులోనా?" అన్నాడు ఐవిన్. చేపల పెంపకం దగ్గర పనిచేసే కుర్రాడు, వేళాకోళం మనిషి.

ఇంగ్‌వాల్డ్ కాఫీ ఒక గుక్క తాగాడు. "హాలా? ప్రార్థన మందిరం చిన్నది బాబూ. ఆమె కళ అందులో పడుతుందా? నేనే అన్నాను, తోర్‌దిస్, నీకు నాలుగు గోడలెందుకు, సముద్రాన్నే వేదిక చేసుకో అని. సరే ఇంగ్‌వాల్డ్ అంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఊళ్ళో దీపాలన్నీ ఆరాయి. ఆరితే ఏం లాభం, రాతిదిబ్బ మీద లైట్‌హౌస్ ఉంది కదా! అది తిరిగినప్పుడల్లా పిల్ల మొహం మీద చీపురుతో కొట్టినట్టు వెలుగు. పడవెక్కాను. తెడ్డు ఒకటే ఉంది, రెండోది గాలి ఎత్తుకుపోయింది. కొండంత అలలు. ఒక అల ఎక్కి చూస్తే స్కాట్లండ్ కనపడింది, ఒట్టు, అక్కడెవరో బట్టలు ఆరేస్తున్నారు కూడా."

"వానలోనా?"

"స్కాట్లండ్‌లో వాన లేదు, మాకొచ్చింది కదా అంతా! లైట్‌హౌస్ మీదికెక్కాను. కాపలావాడు నా కాళ్ళు పట్టుకున్నాడు, ఓడలు మునిగిపోతాయి నాయనా అని. మునిగితే మునగనీ, కళ మునగకూడదు అన్నాను. నా వానకోటు విప్పి దీపం మీద కప్పేశాను. అప్పుడు సముద్రంలో ఓడలన్నీ ఆగిపోయాయి. ఏమిటా అని కెప్టెన్లు చూశారు, రేవులో పిల్ల కనపడింది, టోపీలు తీశారు. ఒక్కొక్కడూ తన ఓడ దీపాలు కూడా ఆర్పేశాడు. జర్మనీ వాడు కాస్త ఆలస్యం చేశాడు, వాడికి నేను వేలు చూపించాల్సి వచ్చింది."

కొట్టంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వనివాళ్ళు ఇద్దరే, కోరె, మాగ్న్‌హిల్డ్. ఇద్దరూ ఇంగ్‌వాల్డ్ ఈడు వాళ్ళే. కోరె కప్పులోకి చూస్తున్నాడు. మాగ్న్‌హిల్డ్ కిటికీ పక్కన మేజోడు అల్లుతోంది. ముసలివాళ్ళకి ఈ కోతలు పాతబడి ఉంటాయి అనుకున్నాను.

"చీకటి సరిపోయిందా?" అని ఎగదోశాడు ఐవిన్.

"ఎక్కడ సరిపోతుంది? హెర్రింగ్ చేపలు! అప్పట్లో రేవు నిండా అవే. వెండిలా మెరిసిపోతున్నాయి. రేవు అంచున నిలబడి, అమ్మా, ఒక్క గంట కిందికి పోండి, మన ఆడపిల్ల ఆడుతోంది అన్నాను. పోయాయి. చేపకున్న మర్యాద ఐవిన్‌కి లేదు. సరే, చేపలు పోయాయి. వాన వెలిసింది. వెలవగానే ఏమొచ్చింది పైకి?"

"చంద్రుడా?" అన్నాడు ఐవిన్, నోరు తెరిచి.

"చంద్రుడే! పున్నమి చంద్రుడు, సిగ్గులేకుండా, టికెట్టు కొననివాడిలాగా తలుపు మీంచి తొంగిచూస్తున్నాడు. నాకు ఒళ్ళు మండింది. మా నాన్న పెద్ద వల తెచ్చాను, సీసం గుళ్ళు కట్టింది. గుండ్రంగా తిప్పి విసిరాను. మొదటిసారి ఒక నక్షత్రం పడింది, చిన్నది, వదిలేశాను. రెండోసారి చంద్రుడు పడ్డాడు. లాగి లాగి కొండ వెనక్కి దించి, తాడు తెచ్చి రేవులో ఇనుప కడియానికి కట్టేశాను. ఆ కడియం ఇప్పటికీ వంగే ఉంది, పోయి చూసుకోండి!"

"అది పోయినేడు చేపల ట్రాలర్ గుద్దితే వంగింది" అంది సిన్నోవె.

"ట్రాలర్ గుద్దింది వంగిన కడియాన్ని! మధ్యలో మాట్లాడకు, కాఫీ పొయ్యి. ఇక చీకటంటే చీకటి, తారు పీపాలో తలపెట్టినట్టు. ఆ చీకట్లో పిల్ల ఒక్కతే వెలిగింది. ఒకచోట మాట మరిచిపోయింది. నేను పీపా వెనక నుంచి అందించాను. ఏడవడం రాక ఆగిపోయింది. సిన్నోవె అమ్మమ్మ కాసిన కాఫీ ఒక గుక్క తాగించాను. ఏడుపు అదే వచ్చింది, ఇక ఆగలేదు, రాజధాని దాకా ఏడుస్తూనే వెళ్ళింది. అక్కడి నాటకశాల వాళ్ళు, ఈ ఏడుపు మాకు కావాలి అని రాణి వేషం ఇచ్చారు. అలా మొదలైంది ఆమె జీవితం. స్వీడన్ వాళ్ళు పిలిచినప్పుడు నన్ను అడిగింది, వెళ్ళనా ఇంగ్‌వాల్డ్ అని. వెళ్ళు, కానీ వాళ్ళ మీట్‌బాల్స్ ఎక్కువ తినకు అన్నాను. పారిస్‌లో ఆమెకి కొట్టిన చప్పట్లకి ఒక వంతెన కదిలింది. యాభై ఏళ్ళొచ్చాక, ఇక వేషాలివ్వడం లేదు ఇంగ్‌వాల్డ్, ముడతలొచ్చాయంటున్నారు, అంది. అప్పుడు నేనేమన్నానో తెలుసా? డైరెక్టరువైపో అన్నాను! డైరెక్టరంటే ఎవరు? దీపం ఎప్పుడు ఆరాలో, ఎప్పుడు వెలగాలో చెప్పేవాడు. లోకంలో ఆ పని మొదట చేసిందెవరు?"

బల్ల మీద గుద్దాడు. కప్పులు ఎగిరాయి.

"నేను! ఇవాళ ఏ దేశంలోనైనా నాటకం మొదలయ్యేముందు హాల్లో లైట్లు ఆర్పుతున్నారే, అది ఎక్కడిదనుకున్నారు? తారెవోగ్ పద్ధతి! ఇంగ్‌వాల్డ్ పద్ధతి! సాయంత్రం ఆమె ముందు నిలబడి ఇదే చెప్తాను."

ఐవిన్ కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. "అబద్ధాలకి కూడా ఒక హద్దుండాలి మహానుభావా! ఇందులో ఒక్క ముక్కైనా నిజముందా?"

"ఉంది" అంది మాగ్న్‌హిల్డ్.

అల్లిక ఒళ్ళో పెట్టుకుంది. ఆమె గొంతు పెంచలేదు, కానీ అందరం అటు తిరిగాం.

"అన్నీ అబద్ధాలు కావు ఐవిన్. మొదటి మాట నిజం. ఆ సాయంత్రం ఇంటింటికీ వెళ్ళి దీపాలు ఆర్పమన్నది ఇంగ్‌వాల్డే. మా ఇంటికీ వచ్చాడు. నేనే తలుపు తీశాను."

ఇంగ్‌వాల్డ్ మొహం ఒక్కసారి వెలిగింది. సాక్షి దొరికిందనుకున్నాడు కాబోలు. "చూశారా? చెప్పు మాగ్న్‌హిల్డ్, చెప్పు."

"నువ్వే చెప్పు. దీపం ఎందుకు ఆర్పమన్నావో."

"చెప్పాను కదా, ఆ పిల్ల బాగా కనపడా..."

"మా గుమ్మంలో నిలబడి ఏమన్నావు ఇంగ్‌వాల్డ్?"

వాఫుల్ ముక్క ఇంగ్‌వాల్డ్ చేతిలోనే ఉండిపోయింది. కోరె తల ఇంకా కిందికి దించాడు. అతను చెప్పడని తెలిశాక మాగ్న్‌హిల్డ్ తనే చెప్పింది.

"'దీపం వెలుగుతుంటే మెలకువగా ఉన్నామనుకుంటారు. తలుపు తడతారు. ఆర్పేసి, చప్పుడు చెయ్యకండి.' అదే అన్నావు. ప్రార్థన మందిరం తాళం మీ నాన్న దగ్గరుండేది. నాటకం పాపమన్నాడు, ఇవ్వనన్నాడు. ఆ బృందానికి తెల్లారేదాకా పడవ లేదు. ఆ వానలో ఎవరైనా జాలిపడి ఇంట్లోకి రానిస్తారేమోనని నిన్ను పంపాడు. నువ్వు తిరిగావు. మేం ఆర్పాం."

ఐవిన్ కడుపు మీంచి చేతులు తీసేశాడు.

"ఆ పిల్ల మా తలుపు తట్టింది. మా అమ్మ నా నోరు మూసింది, మేం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. కాసేపటికి వెళ్ళిపోయింది. చలికి ఓర్చుకోలేక, ఒళ్ళు వేడెక్కడానికి ఆడారు వాళ్ళు ఆ నాటకం. ఊరంతా కర్టెన్ల వెనక నుంచి చూసింది. మీ ఇంట్లోనూ కర్టెన్ కదిలింది కోరె, నేను చూశాను. ఒక్కరం చప్పట్లు కొట్టలేదు. అయిపోయాక ఆ పిల్ల ఒక్కో ఇంటివైపూ తిరిగి, ఆ చీకటి కిటికీలకి వంగి అభివాదం చేసింది."

"అంటే ఆమెకి..." అని ఆగిపోయింది సిన్నోవె.

"ఎవరూ లేరనుకుంటే ఎవరైనా అలా వంగుతారా?" అంది మాగ్న్‌హిల్డ్. "ఆమెకి అంతా తెలుసు ఇంగ్‌వాల్డ్. తెలిసీ రేడియోలో ఆ మాటంది. ఇన్నేళ్ళుగా మన పరువు ఆమె కాపాడుతోంది. నువ్వు దాని మీద చంద్రుణ్ణి కట్టేస్తున్నావు."

నా పక్కనే గోడకి ఆనించి ఉంది నా గుడ్డ, చుట్టచుట్టి. బయటికి ఒక్క మాటే కనిపిస్తోంది, "ఎప్పుడూ". ఎవరినీ అడగకుండా రాశాను ఆ మాట. అడగాల్సిన ముసలివాళ్ళు రోజూ ఈ కొట్టులోనే కూర్చుంటారు. ప్రజలు, ప్రజలు అని అరిచాను గానీ, వాళ్ళలో ఒక్కరి పక్కన కూర్చుని ఆ రాత్రి ఏం జరిగిందని అడగలేదు. అడిగితే గుడ్డ మీద రాయడానికి ఏమీ మిగలదని నాలో ఎవరికో తెలుసేమో. కాలితో దాన్ని బల్ల కిందికి తోశాను.

బయట ఓడ కూత వినపడింది. మాట్లాడుతూ చూసుకోలేదు, కొట్టంతా చీకటి పడిపోయింది. ఒకరి మొహం ఒకరికి కనపడటం లేదు. సిన్నోవె స్విచ్ వైపు కదిలింది.

"వెయ్యకు" అన్నాడు ఇంగ్‌వాల్డ్. ఇందాకటి గొంతు కాదది. "కాసేపు లైటు వెయ్యకు సిన్నోవె."

సిన్నోవె చెయ్యి ఆగిపోయింది. నిజం చెప్పాలంటే, ఆ చీకటి అలాగే ఉంటే బాగుండని నాకూ అనిపించింది. రేవులో ఓడ ఆగుతున్న చప్పుడు వింటూ అందరం కదలకుండా కూర్చున్నాం, ఊపిరి బిగబట్టి.

మాగ్న్‌హిల్డ్ లేచి వెళ్ళి లైటు వేసింది.