వెదురు మోడులో దొరికిన కప్ప: శ్రీ బానోతు హాతీరాం గారి అటవీ సేవ

1972 నవంబరు 6వ తేదీన, కొలతకు కుట్టని ఖాకీ చొక్కా తొడుక్కుని, ఇరవై రెండేళ్ల యువకుడొకరు ములకలపల్లి సెక్షనులో ఫారెస్టు గార్డుగా విధుల్లో చేరారు. ఆ యువకుడే, మూడున్నర దశాబ్దాలు పైబడిన నిష్కళంక సేవ అనంతరం, ఈ 2008 జూలై 31న ఫారెస్టు రేంజి అధికారిగా సగౌరవంగా పదవీ విరమణ చేస్తున్న మన శ్రీ బానోతు హాతీరాం గారు. ఆయన ఉద్యోగ జీవితాన్ని ఈ వీడ్కోలు సభ సంచికలో పొందుపరచే బాధ్యతను సహోద్యోగులు నాకు అప్పగించారు. సంగతి తెలిసి ఆయన మా ఆఫీసు గదికి వచ్చి, "ఎక్కువ పొగడకుండ్రి. లాలి సదివి నవ్వుతది" అని ఒక్క షరతు పెట్టి వెళ్లారు. ఆయన సతీమణి లాలి గారికి ముందుగానే క్షమాపణలు చెప్పుకుని ఆ షరతును ఉల్లంఘిస్తున్నాను.

అడవి అంచున ఉన్న ఒక చిన్న తండాలో జన్మించి, ఖమ్మంలో హాస్టల్ అన్నం తిని చదువుకుని, తిరిగి అదే అడవికి ఉద్యోగిగా వచ్చిన అదృష్టవంతులు హాతీరాం గారు. గార్డుగా ఉన్న పన్నెండేళ్లూ ఎండాకాలమంతా కార్చిచ్చుల వెంటా, వానాకాలమంతా కలప దొంగల వెంటా తిరిగి చెప్పులరిగిపోయాయని ఆయనే నవ్వుతూ చెబుతారు. 1984లో ఫారెస్టరుగా పదోన్నతి పొంది పర్ణశాల వైపు గోదావరి ఒడ్డు అడవులను కాపాడారు. ఆ తరువాత డిప్యూటీ రేంజి అధికారిగా పలుచోట్ల పనిచేసి, 2002లో రేంజి అధికారి హోదాలో మళ్లీ ములకలపల్లికే చేరుకున్నారు. ఈ ప్రయాణంలో ఆయనకు రెండు విషయాల్లో పేరు వచ్చింది. ఒకటి ఆయన కోపం, రెండవది వెదురు కోత.

కోపం గురించి బాధితులు చాలామంది ఈ సభలోనే ఉన్నారు కనుక నేను వివరించనవసరం లేదు. వెదురు కోత గురించి మాత్రం ఆయన కుటుంబ సభ్యుల కోసం రెండు మాటలు చెప్పాలి. వెదురు బొంగును నేలకు జానెడు ఎత్తులో, కణుపుకు సరిగ్గా పైన నరకాలని మా శాఖ నియమం. కణుపుల నడుమ ఎత్తుగా నరికితే మిగిలిన మోడు గిన్నెలా నోరు తెరుచుకుని ఉంటుంది. వాన నీరు అందులో నిలిచి, మోడు కుళ్లి, ఆ తెగులు పొదంతటికీ పాకుతుందని భయం. పొద మొదట్లో ముళ్లు దట్టంగా ఉంటాయి కాబట్టి కూలీలు ఎత్తుగా నరికి పోదామని చూస్తారు. హాతీరాం గారు ఆ ముళ్లలోకి తానే దూరి, ప్రతి మోడు దగ్గరా చెయ్యి చాచి జానతో కొలిచేవారు. కోతకు కేటాయించిన అడవి ముక్కల్లో, అంటే కూపుల్లో, పనిచేసే ఆడవాళ్లు ఆయనకు 'జానెడు సారు' అని పేరు పెట్టారు. ఆ పేరు తన చెవిన పడినప్పుడు ఆయన కోప్పడలేదు సరికదా, లోలోపల మురిసిపోయారని మాకందరికీ తెలుసు.

ఆయన రేంజి బాధ్యతలు చేపట్టిన ఏడే, కప్పలపై పరిశోధన చేస్తున్న యశోద గారు విశ్వవిద్యాలయం నుంచి మా అడవికి వచ్చారు. ఆమె వెతుకుతున్నది బొటనవేలి గోరంత కప్పను. తెల్లదొరల కాలంలో ఎవరో ఈ కొండల్లో ఒక్కసారి దాన్ని చూసి రాసిపెట్టారు. ఆ తరువాత అది ఎవరి కంటా పడలేదు. ప్రపంచంలోని కప్పలన్నింటి స్థితిగతులను నిర్ణయించే శాస్త్రజ్ఞుల పట్టికలో దాని పేరుకు ఎదురుగా 'సమాచారం చాలదు' అని మాత్రమే ఉందట. అడవి కప్పల్లో చాలావాటికి నివాసం ఒక కొండ, ఒక లోయ మాత్రమేననీ, ఆ చెట్టూ ఆ నీరూ పోతే అవి ఇంకెక్కడా బతకలేవనీ, అవి పోయిన సంగతి కూడా ఎవరికీ తెలియదనీ ఆమె చెప్పినప్పుడు హాతీరాం గారి ముఖం చిన్నబోయింది. తన రేంజిలో ఏ జీవి ఉందో లేదో తనకే తెలియదనడం ఆయనకు అవమానంగా తోచింది. జీపు ఇచ్చారు, మనుషుల్ని ఇచ్చారు. ఆ వానాకాలమంతా వాగులు గాలించినా కప్ప దొరకలేదు. యశోద గారు నిరాశతో తిరిగి వెళ్లారు.

మరుసటి ఏడు, 2003 జూలైలో, వానలు ఊపందుకోగానే హాతీరాం గారు ఒక పెద్ద కూపును తనిఖీ చేశారు. వేసవిలో ఆయన సెలవులో ఉండగా జరిగిన కోత అది. ఎక్కడ చూసినా మోకాలెత్తు మోడులే. డివిజనల్ అధికారి గారి తనిఖీ దగ్గరపడుతోంది. హాతీరాం గారు మండిపడి, అదే కూలీలను రప్పించి, మోడులన్నింటినీ మళ్లీ జానెడుకు తెగ్గొట్టమని హుకుం జారీ చేశారు. తాను కూడా గొడుగు లేకుండా దగ్గరే నిలబడ్డారు.

మధ్యాహ్నం కావస్తుండగా ముత్తక్క అనే కోయ మహిళ కత్తి ఆపింది.

"సారూ, జర ఆగు. గీ మోడుల నీళ్లున్నయ్. నీళ్లల్ల ఏందో మెసులుతాంది."

"దోమపిల్లలై ఉంటయ్. కొయ్యి" అన్నారు హాతీరాం గారు.

ఆమె కోసింది. నీళ్లు ఎగిరి ఆయన బూటు మీద పడ్డాయి. ఆ నీళ్లతోపాటు మెంతిగింజలంత నల్లని తోకకప్పలు బూటు మీద గిలగిల కొట్టుకున్నాయి. తెగిన మోడు లోపలి గోడను కరుచుకుని, గోధుమరంగు ఒంటిపై పసుపు చారతో, బొటనవేలి గోరంత కప్ప ఒకటి కూర్చుని ఉంది. నీళ్లు పోయినా అది పారిపోలేదు. పిల్లలను కాపలా కాస్తున్న తండ్రి కప్ప అది అని ఆ తరువాత తెలిసింది.

నిరుడు యశోద గారు చూపించిన చిత్రం హాతీరాం గారికి బాగా గుర్తుంది. ఆయన బురదలో మోకాళ్ల మీద కూర్చుండిపోయారు. ఆకు దొన్నెలా చేసి ఒక్కొక్క తోకకప్పనూ ఎత్తి పక్క మోడులోని నీళ్లలో వేశారు. కొన్ని దక్కాయి, కొన్ని దక్కలేదు. అప్పుడు లేచి, అడవి అదిరేలా అరిచారు.

"ఆపుండ్రి! అందరు ఆపుండ్రి! ఒక్క మోడు కూడ ముట్టకుండ్రి!"

ముత్తక్కకు ఒళ్లు మండింది. "ఎత్తు కోస్తిరి, తప్పు కోస్తిరి అని పొద్దున్నుంచి మా పానం తింటివి. ముండ్లల్ల దూరి మల్ల కొయ్యవడితిమి. ఇప్పుడేమో ఆపమంటివి. గా కప్పకున్న ఇజ్జత్ మాకు లేకపాయెనా సారూ?"

కూలీల మేస్త్రీ బొజ్జయ్య బెదిరిపోయి, "ఏయ్, ఊకో ముత్తక్కా" అన్నాడు.

"అననియ్యి బొజ్జయ్యా" అన్నారు హాతీరాం గారు. "అవ్ ముత్తక్కా, తప్పు నాదే. చూడకుంట కొయ్యమన్న. నువ్వు ఆగమన్నవు, నేను ఇనలే."

రేంజి అధికారి ఒక కూలీ మనిషి ముందు, పదిమంది వింటుండగా, తప్పు నాదే అనడం మా శాఖలో తరచుగా చూసే దృశ్యం కాదు. ముత్తక్క కూడా ఆ తరువాత మాట పెంచలేదు. మోడు నుంచి మోడుకు నడుస్తూ, వేటిలో పిల్లలున్నాయో తానే చూపించడం మొదలుపెట్టింది.

కబురు అందిన మరునాడే యశోద గారు వచ్చి, కప్పను చూసి, చిన్నపిల్లలా ఏడ్చేశారు. ఆమె వారం రోజులు తిరిగి తేల్చిన విషయం మాత్రం హాతీరాం గారికి మింగుడుపడలేదు. పూర్వం ఈ కప్పలు ముసలి చెట్ల తొర్రల్లో నిలిచిన వాన నీటిలో గుడ్లు పెట్టేవి. తొర్రల చెట్లు ఏనాడో పోయాయి. మిగిలిన కాసిని కప్పలూ ఎత్తుగా నరికిన వెదురు మోడులను ఆశ్రయించాయి. నియమం ప్రకారం జానెడుకు కోసిన కూపుల్లో వెతికితే ఒక్కటీ లేదు. అంటే, ఏళ్ల తరబడి ఆయన గర్వంగా కోయించిన ప్రతి మంచి కోతా ఈ కప్పకు గూడు లేకుండా చేసిందన్నమాట. ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదని లాలి గారు చెప్పారు.

ఇక తనిఖీ రానే వచ్చింది. మోడులు అలాగే ఉంచితే నిర్లక్ష్యపు కోత కింద ఆయన సంజాయిషీ ఇచ్చుకోవాలి. మచ్చలేని సర్వీసు పుస్తకంలో మొదటి మచ్చ పడుతుంది. కోయిస్తే కప్ప ఉండదు. డిప్యూటీ రేంజి అధికారి సతీష్ గారు మధ్యేమార్గం ఒకటి సూచించారు. "సార్, పెద్దసారుకు ఆ పక్క కూపు చూపెడితే అయిపోతది గద. ఈ వానల ఇంత దూరం ఎవరొస్తరు?"

"దాచిపెడితే ఈ యేడు దక్కుతది సతీషూ. వచ్చే యేడు నా జాగల ఇంకొకరొచ్చి, నా లెక్కనే జానెడుకు కోపిస్తరు. ఇది కాయిదం మీదికి రావాలె" అన్నారు హాతీరాం గారు.

ఉద్యోగ జీవితమంతా మంచి కూపులు చూపించి మెప్పు పొందిన మనిషి, ఆనాడు పైఅధికారిని జీపు దింపి, జోరువానలో నడిపించుకుంటూ, తన రేంజిలో అన్నిటికన్నా చెడ్డ కూపుకు తానే స్వయంగా తీసుకువెళ్లారు. వెనుక యశోద గారితో సహా మేమంతా గుండెలు చిక్కబట్టుకుని నడిచాం.

"ఏమిటండీ హాతీరాం గారూ? మీ రేంజిలో ఈ కోతా?" అన్నారు అధికారి గారు.

"అవ్ సార్. నేనే ఉంచమన్న. ఒక్కసారి వంగి లోపలికి చూడుండ్రి."

అధికారి గారు వంగారు. మొదటి మోడులో కుళ్లిన ఆకు తప్ప ఏమీ లేదు. రెండవ దానిలో అదీ లేదు. మాలో ఎవరో గొంతు సవరించుకున్నారు. హాతీరాం గారి నుదుటి మీద ఉన్నది వానో చెమటో తెలియడం లేదు. మూడవ మోడు నుంచి తల ఎత్తబోతుండగా లోపల 'టిక్' మన్నది. గోరంత కప్ప ఎగిరి సాక్షాత్తు అధికారి గారి రెయిన్‌కోటు చేతి మీద కూర్చుంది.

"దీనికోసమా?"

"దీనికోసమే సార్."

అధికారి గారు చెయ్యి కదపకుండా చాలాసేపు చూసి, యశోద గారి వైపు తిరిగారు. "ఇవి పోతే?"

"ఇంకెక్కడైనా ఉందో లేదో మాకు తెలియదు సార్. ఇక్కడ ఉందని మాత్రం తెలుసు."

"మరి పొదలు కుళ్లిపోతే జవాబు ఎవరు చెప్పాలి?"

"నేను చెప్త సార్" అన్నారు హాతీరాం గారు. "పొదకు ఒక్క మోడు, అంచుకు, ఎత్తుగ ఇడుస్తం. మిగిలినయన్ని జానెడుకే కోస్తం. రెండేండ్లు చూద్దం. పొద పాడైతే నా మీద రాయుండ్రి. సంతకం పెట్టి ఇస్త."

ఆ కప్పను మోడులోకి జాగ్రత్తగా దించి, అధికారి గారు ఆ తడి జీపులోనే రెండేళ్ల ప్రయోగానికి అనుమతి రాశారు. రెండేళ్లు గడిచాయి. ఎత్తు మోడు వదిలిన పొదలు మిగిలిన పొదలతో సమానంగా పిలకలు వేశాయి. ఒక్క పొద కూడా కుళ్లలేదు. పొదకొక ఎత్తు మోడు అనే పద్ధతి మొదట మా రేంజి అంతటా, తరువాత డివిజను కార్యప్రణాళికలోనూ చోటు సంపాదించింది. గత ఏడాది పర్ణశాల వైపు కొండల్లోనూ కప్ప అరుపు వినబడింది. మొన్న వానల్లో, కొత్తగా వచ్చిన గార్డు ఒకరు పాత నియమం గుర్తుపెట్టుకుని ఎత్తు మోడు నరకబోతే, "గది కప్పది, ముట్టకు" అని ముత్తక్క కత్తి లాక్కున్నదట. ఆ గార్డు మాకు ఫిర్యాదు చేశారు. మేము ముత్తక్క పక్షమే వహించాం.

ఈ ఏడాది శాస్త్రజ్ఞుల పట్టికలో ఆ కప్ప స్థానం మారింది. 'సమాచారం చాలదు' అన్న మాట కొట్టివేసి, 'అంతరించే ప్రమాదంలో ఉన్నది' అని చేర్చారు. ఆ వార్త వచ్చిన రోజున హాతీరాం గారు ఆఫీసులో లడ్డూలు పంచారు. మా టైపిస్టు సుజాత గారు లడ్డూ చేతిలో పట్టుకుని, "ప్రమాదంల ఉందంటే స్వీట్లు పంచుడేంది సార్?" అని అడిగారు.

"ఇన్నాళ్లు ఉన్నదో లేదో ఎవరికీ తెల్వదు తల్లీ. ఇప్పుడు ఉన్నది, కాపాడాలె అని దునియా మొత్తం ఒప్పుకున్నది. గింతకన్న పండుగేంది?" అన్నారాయన. లడ్డూలు తిన్నాం. నాకు మాత్రం కళ్లు చెమర్చాయి. ఒక మనిషి తన పట్టుదలనంతా ఒక నియమం మీద పెట్టి, ఆ నియమం తప్పని తెలిసిన రోజున అంతే పట్టుదలతో దాన్ని మార్చడం నేను నా సర్వీసులో ఆయన దగ్గరే చూశాను.

ఇటువంటి సహచరునికి వీడ్కోలు పలుకుతున్నందుకు మా హృదయాలు బరువెక్కినా, గర్వమే పైచేయిగా ఉంది. విశ్రాంత జీవితం ఎన్నాళ్లుండాలని కోరుకోవాలో తెలియక, ఆ కప్ప పేరు ప్రమాద జాబితా నుంచి ఎప్పటికి తొలగుతుందని యశోద గారిని అడిగాను. అంతా సవ్యంగా సాగితే కనీసం ముప్పై ఏళ్లు పడుతుందన్నారామె. కనుక శ్రీ హాతీరాం గారికి మా అందరి విన్నపం ఒక్కటే. మోకాళ్లు జాగ్రత్తగా చూసుకోండి, లాలి గారి మాట వినండి, వేళకు భోంచేయండి. ఆ ముప్పై ఏళ్లూ మీరు నిండు ఆరోగ్యంతో జీవించాలి. ఆ రోజు లడ్డూలు కూడా మీరే పంచాలి.