ఖాళీ లేని వరస

"మళ్లీ వెడల్పు వెయ్యి పిక్సెళ్లని కొట్టావా బావా?"

వెబ్ పేజీలు కట్టీ కట్టీ తల నెరిసిన బావకి, ఆఫీసులో అతని పైఅధికారి అయిన మరదలు పాఠం చెబుతోంది.

"వేళ్ల అలవాటు మరదలా. అవి నా మాటే వినవు, నీ మాటేం వింటాయి?"

"ఇదిగో, 'మన బృందం' పేజీ ఫోన్లో చూడు. మేనేజరుగారి ముక్కు దాకా వచ్చింది. అవతలి సగం తెర బయటే ఉండిపోయింది."

"సగం మూతి మేనేజరు. ఈ ఆఫీసుకి ఇంతకన్నా మేలెవరు చేస్తారు?"

"సాయంత్రానికి నువ్విది నేర్చుకోకపోతే ఉద్యోగం లేదన్నారాయన. గుర్తుందా?"

"గుర్తుంది కాబట్టే నవ్విస్తున్నా. చెప్పు, ఫొటోలు పేర్చడానికి ఫ్లెక్సా, గ్రిడ్డా? మా రోజుల్లో ఫ్లెక్స్ అంటే వీధి చివర కట్టేది, గ్రిడ్ అంటే కరెంటు పోయినప్పుడు తిట్టేది."

"మీ రోజుల్లో కంప్యూటరుకో పేజీ, ఫోనుకో పేజీ కట్టేవాళ్లు. ఆ రోజులు పోయాయి, నువ్వే మిగిలావు."

"నీకు మొదటి పేజీ నేర్పింది నేనే."

"అది మర్చిపోవడానికే నాకు ఇన్నాళ్లు పట్టింది. గ్రిడ్ రాయి. వరసకి ఎన్ని ఫొటోలో నువ్వు చెప్పకు. ఏ ఫొటో అయినా ఇంతకన్నా చిక్కిపోకూడదని చెప్పి ఊరుకో. ఎన్ని పడతాయో అదే చూసుకుంటుంది."

"చిక్కడం నాకు రాదు, ఊరుకోవడం మీ అక్కకి రాదు..."

"అక్క ఊసెందుకు? రాయి."

"రాశా. ఆఁ... ఫోన్లో ఒకరి కింద ఒకరు. పెద్ద తెర మీద అందరం ఒకే వరస. ఇంతేనా? ఈ రెండు ముక్కలకా ఇన్నాళ్లూ నన్ను గాడిదని చేశారు?"

"ఎవరూ చెయ్యలేదు. ఇప్పుడు ఒకర్ని తీసెయ్."

"నిన్నే తీస్తా."

"నన్ను కాదు. నిన్ను తీసుకో."

"సరే, నేను ఔట్. ఓహో, మిగతావాళ్లు జరిగి సర్దుకున్నారే. ఖాళీయే లేదు. అసలు నేనక్కడ ఉన్నట్టే లేదు."

"వచ్చేసింది బావా నీకు. బాగా వచ్చింది."

"వచ్చిందిగా? ఉద్యోగం దక్కినట్టే. ఉండు, నా మొహం వెనక్కి పెడతా."

"పెట్టకు. అలాగే సేవ్ చెయ్యి."

"నేను లేకుండానా?"

"సేవ్ చెయ్యి బావా."

"నేర్చుకుంటే ఉంచుతామన్నారుగా. నేర్చుకున్నానుగా."

"నేర్చుకున్నా ఇంతే. తర్వాత మాట మార్చి, ఒకే ఇంటివాళ్లు ఇద్దరెందుకు, ఎవరుండాలో ఇంట్లోనే తేల్చుకోండన్నారు."

"ఇంట్లోనా? నన్నెవరూ అడగలేదే."

"నిన్ను అడగలేదు."

"అయితే... అయితే ఇంటికెళ్లి మీ అక్కకి ఏం చెప్పను?"

"ఏం చెప్పక్కర్లేదు. నేనడిగింది అక్కనే. నా ప్రశ్న పూర్తి కాకుండానే నా పేరు చెప్పింది."